నరాల బలహీనత అనే వ్యాపారం

బస్టాండు మరుగుదొడ్డి మీద, రైల్వే ప్రహరీ మీద, బస్సు సీటు వెనకాల... ఎక్కడ చూసినా అదే రాత. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, అంగస్తంభన లోపం, ఫలితం గ్యారంటీ; నెలలో మొదటి ఆదివారం ఫలానా లాడ్జిలో కలవండి. మందుతో లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటించుకోవడం నేరమని 1954లోనే చట్టం చేసుకున్నాం. మొదటిసారి శిక్ష పడితేనే ఆరు నెలల దాకా జైలు. చట్టం పుస్తకంలో ఉంది, వాళ్లు గోడ మీద ఉన్నారు.

ఆ లాడ్జి గదిలో జరిగేది వైద్యం కాదు, దోపిడీ. "చేతి అలవాటు ఉందా?" అని అడుగుతాడు లాడ్జి వైద్యుడు. ఏ కుర్రాడికి ఉండదు? తల దించుకుంటాడు. ఇక బేరం కుదిరినట్టే. వీర్యం పోతే రక్తం పోయినట్టేనని, నరాలు చచ్చుబడ్డాయని బెదరగొట్టి, పేరూ ఊరూ లేని పొట్లాలు చేతిలో పెట్టి వేలకు వేలు గుంజుతాడు. ఈ భయానికి మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. పోయేది వీర్యం కాదు, కుర్రాడి నిద్ర. పైగా మూలికల పేరుతో అమ్మే మందుల్లో వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునే మనిషి తెలియక అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంతా చేసి అది రక్తనాళాల మీద పనిచేసే మందు; కోరిక పుట్టించదు.

కోరిక పుట్టేది మెదడులో. హైపోథలమస్ పిట్యూటరీకి కబురు పెడుతుంది, పిట్యూటరీ వృషణాలకు పెడుతుంది, అక్కడ టెస్టోస్టెరాన్ తయారవుతుంది. అది పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. అందుకే పరీక్షకు రక్తం పొద్దున్నే ఇవ్వాలి, తక్కువొస్తే ఇంకోసారి చూడాలి. సాయంత్రం ఒక్కసారి రక్తం తీసి "మీకు హార్మోన్ పడిపోయింది" అంటూ ఇంజెక్షన్లు మొదలెట్టే ఏసీ క్లినిక్కుకీ లాడ్జి వైద్యుడికీ నాకు తేడా కనబడదు. ఉండాల్సినంత ఉన్నవాడికి పైనుంచి ఎక్కిస్తే ఒరిగేదేమీ లేకపోగా, పిట్యూటరీ కబురు ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. పిల్లల కోసం గుళ్లూ ఆసుపత్రులూ తిరిగేవాడికి ఇంతకన్నా ద్రోహం ఇంకేముంటుంది?

టెస్టోస్టెరాన్ ఒక్కటే కాదు. స్థూలంగా చెప్పాలంటే డోపమిన్ ముందుకు తోస్తుంది, సెరటోనిన్ కళ్లెం లాగుతుంది, ప్రోలాక్టిన్ పెరిగితే కోరిక చల్లారిపోతుంది. వీటిని కదిపే మందులు కోరికనీ కదుపుతాయి. పార్కిన్సన్స్‌కి ప్రమిపెక్సోల్ వాడే పెద్దవాళ్లలో కొందరికి కోరిక అదుపు తప్పుతుంది. "ఈ వయసులో ఇదేం పోయేకాలం" అని ఇంట్లో తిట్టిపోస్తారు. పాపం, ఆ పని మాత్రది. డిప్రెషన్‌కి రాసే ఎస్సిటాలోప్రామ్ చాలామందిలో కోరికని తగ్గిస్తుంది. రిస్పెరిడోన్ ప్రోలాక్టిన్‌ని పెంచుతుంది. డిప్రెషన్ కూడా కోరికని చంపుతుంది, కాబట్టి తప్పంతా మందుదే అనడం లేదు.

నా కోపమల్లా చీటీ రాసే డాక్టరుగారి మౌనం మీద. ఆయనకివన్నీ తెలుసు. బయట వరండా నిండా జనం, పక్కన నర్సు, గదిలోనే తరవాతి పేషెంటు. అడగడానికి ఆయనకి సిగ్గు, చెప్పడానికి రోగికి సిగ్గు. మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. ఎవరూ చెప్పరు గనక రోగి తనంతట తనే మాత్ర మానేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. లేదా ఆదివారం లాడ్జి మెట్లెక్కుతాడు. ఆ దొంగ వైద్యుడికి ఉచితంగా గిరాకీ పంపుతున్నది ఈ పెద్దమనుషులే.

ఆడవాళ్ల కోరిక గురించైతే దొంగ కూడా రాయడు. పాలిచ్చే తల్లికి ప్రోలాక్టిన్ ఎక్కువ, ఈస్ట్రోజెన్ తక్కువ. ఒళ్లు వద్దంటుంది, కలిస్తే నొప్పి. మొగుడు మూతి ముడుచుకుంటాడు, ఆమె తనలోనే ఏదో లోపముందని కుమిలిపోతుంది.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరసలో ఉన్నాయి. తెల్లబట్ట అవుతోందనో, రేపు క్యాన్సరొస్తుందనో భయపెట్టి, మెనోపాజ్ రాకముందే కోసేస్తారు. పనిలో పనిగా కొందరికి అండాశయాలు కూడా తీసేస్తారు. ఆడవాళ్ల ఒంట్లో టెస్టోస్టెరాన్‌లో పెద్ద భాగం అండాశయాల పుణ్యమే. అవి పోతే అది సగానికి పడిపోతుంది, ఈస్ట్రోజెన్ రాత్రికి రాత్రే అడుగంటుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, యోని పొడిబారడం, కోరిక చచ్చిపోవడం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. తగినవాళ్లకి ఈస్ట్రోజెన్ తిరిగి ఇవ్వొచ్చు, పొడిబారడానికి క్రీములున్నాయి. ఆపరేషన్‌కి ముందు ఆమె సంతకం, ఆమె మొగుడి సంతకం అడిగి మరీ తీసుకుంటారు. తీసేశాక ఏమవుతుందో ఆమెకి చెప్పడానికి మాత్రం రెండు నిమిషాలు దొరకవు. ఆ మాట చెప్పకుండా కత్తి పట్టినవాడు పేరు చివర ఎన్ని డిగ్రీలు తగిలించుకున్నా నా దృష్టిలో వైద్యుడు కాడు.