నీళ్లకు బొగ్గు ధర

ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అమెరికాలో పెన్సిల్వేనియా ఈశాన్య మూలన, స్క్రాంటన్, విల్క్స్‌బారీ, హేజిల్టన్ చుట్టుపక్కల బొగ్గు పొయ్యిలున్న చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. చలి మొదలయ్యే ముందు నేలమాళిగలో పోయించుకున్న బొగ్గు అడుగంటుతుంది. చలి మాత్రం మార్చిలోనూ వదలదు. ఇక బొగ్గు డిపోలకు ఫోన్లు మొదలవుతాయి.

బొగ్గు ఉంటే చాలదు, పొయ్యికి సరిపడే సైజు ఉండాలి. ‘రైస్’ అనే సన్నరకం తనంతట తానే బొగ్గు అందుకునే స్టోకర్లకు. ‘నట్’ అనే పెద్దరకం పారతో ఎగదోసే పొయ్యిలకు. ఒకటి అయిపోయిందని రెండోది తెస్తే పొయ్యి ఒప్పుకోదు.

ఇది మన సింగరేణి బొగ్గు జాతి కాదు, ఆంథ్రసైట్. రాయిలా గట్టిది, పొగ దాదాపు రాదు, ఒక పట్టాన అంటుకోదు. విల్క్స్‌బారీలో పూటకూళ్లిల్లు నడిపిన జెస్సీ ఫెల్ 1808 ఫిబ్రవరి 11న దీన్ని కింది నుంచి గాలి తగిలేలా ఇనుప కమ్మీల మీద కాల్చి చూపాడు. ఆ తర్వాతే అది ఇంటి పొయ్యిల్లోకి జోరుగా వచ్చింది. 1902లో గని కార్మికులు మే నుంచి అక్టోబర్ దాకా సమ్మె చేస్తే, చలికాలం ముంచుకొస్తోందని అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా కల్పించుకోవలసి వచ్చింది. పేదింటి ఆడవాళ్లు, పిల్లలు గని చెత్తగుట్టల మీద బొగ్గు ఏరుకొని బతికిన ప్రాంతమిది. కంపెనీల దృష్టిలో అది దొంగతనం!

ఇప్పటి పేచీ తడితో. గనిలోంచి వచ్చిన బొగ్గును పగలగొట్టి, జల్లించి, నీళ్లలో కడుగుతారు. బరువైన రాయి అడుగుకు చేరుతుంది, తేలికైన బొగ్గు పైన మిగులుతుంది. కడిగిన సరుకు నీళ్లోడుతూనే లారీ ఎక్కుతుంది. వేసవిలోనైతే ఇంటికి చేరాక నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. చలికాలం చివర్లో అంత వ్యవధి ఉండదు. సంచుల్లో కట్టి ఆరుబయట పేర్చిన బొగ్గు గడ్డకట్టి ఒకే బండ అవుతుంది.

తడి బొగ్గు మండదని చాలామంది భయం. నిజానికి మంట దగ్గర జరిగే నష్టం స్వల్పం. అమెరికా టన్ను 907 కిలోలు. అందులో నూటికి ఎనిమిది పాళ్లు నీరనుకుంటే దాదాపు 73 కిలోలు. ఆ నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయ్యే బొగ్గు ఆరేడు కిలోలు. కొన్నవాడు మాత్రం 73 కిలోల నీళ్లకు బొగ్గు ధర కట్టి వచ్చాడు. అసలు చిల్లు కాటా దగ్గరే పడిందన్నమాట.

స్టోకరున్నవాళ్ల తిప్పలు వేరు. తడిసిన సన్నపొడి తొట్టిలో అంటుకుపోయి బొగ్గు కిందికి జారదు. ఇనుప తొట్టి తుప్పు పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు సంచుల అడుగున కన్నాలు పొడిచి, పలకల మీద నిలబెట్టి, పొయ్యి ఉన్న గదిలోనే కాస్త దూరంగా ఒకటి రెండు రోజులు ఉంచుతారు. నేలమాళిగ తొట్టికి వాలు, నీళ్లు పోయే దారి ఉంటే ఇంకా మేలు. మరీ ఎండగొట్టడమూ మంచిది కాదు. ఎత్తి పోసినప్పుడల్లా నల్లదుమ్ము ఇల్లంతా కమ్ముతుంది. కొందరు ఆరిన బొగ్గు మీద చేజేతులా నీళ్లు చిలకరించేది ఇందుకే. తొందరపడి నిప్పుల మీద సన్నపొడి గుమ్మరిస్తే పొయ్యిలో వాయువు చేరి, ఒక్కసారిగా భగ్గుమని పొయ్యి తలుపు ఎగరగొట్టవచ్చు. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే యంత్రం లేని ఇంట్లో ఈ పొయ్యి వెలిగించనే కూడదు.

కాటా గొడవకు మాత్రం చవకైన మందుంది, టేపు. నట్ రకం టన్ను దాదాపు 36 నుంచి 40 ఘనపుటడుగుల చోటు పడుతుంది. పైతడి బరువును పెంచుతుంది గాని, పోసిన రాశిని పెద్దగా పెంచలేదు. లారీ వెళ్లాక తొట్టిలో రాశిని సమం చేసి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలిస్తే ఎంత బొగ్గు వచ్చిందో, ఎంత నీరు వచ్చిందో ఇంచుమించుగా తేలుతుంది. ఆ కొలత తీసుకున్నవాళ్లు మరుసటి ఏడాది జూన్‌లోనే, మరో డిపోలో బేరమాడినా ఆశ్చర్యం లేదు.