పీకే ముందు ఒక్కసారి చూద్దాం

మా ఇంట్లో పింకీ అని ఓ కుక్క ఉంది. లాసా ఆప్సో జాతిది. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్నారు. తెచ్చింది వాళ్ళే అయినా దాని స్నానం, దువ్వడం, గోళ్ళు, చెవులు... అన్నీ చివరికి ఎవరి వంతుకొచ్చాయో మీకు వేరే చెప్పాలా!

ఓ రోజు దువ్వుతుంటే దాని చెవుల్లోంచి కుచ్చుల్లా బయటికొచ్చిన వెంట్రుకలు కనిపించాయి. చూడ్డానికి అదోలా అనిపించింది. "నెలనెలా పీకేయాలండీ, లేకపోతే చెవులు పాడైపోతాయి" అని కుక్కని పెంచుతున్న ఒకావిడ చెప్పారు. సరే కదా అని, కనుబొమలకి వాడే ప్లక్కరు పట్టుకుని కూర్చున్నాను. రెండోసారి లాగేసరికే అది కుయ్యిమంది. అయినా నేను ఆగలేదు. రెండు చెవులూ నున్నగా చేసి, పెద్ద పని సాధించినట్టు గర్వపడ్డాను.

మూడో రోజుకి పింకీ అదే పనిగా తల విదిలించడం మొదలుపెట్టింది. చెవి ఎత్తి చూస్తే లోపల ఎర్రగా కందిపోయి ఉంది, వాసన కూడా. పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. "చెవి బాగానే ఉండగా ఎందుకు పీకారమ్మా?" అని అడిగారాయన. నా దగ్గర జవాబు లేదు. అందంగా కనిపించాలని పీకానని ఎలా చెప్పను?

మనం కనుబొమలు త్రెడ్డింగ్ చేయించుకుంటే ఆ చోటు ఎర్రబడి మండుతుంది కదూ! కుక్క చెవిలోనూ జరిగేది అదే. పైగా ఆ చెవి మన చెవిలాంటిది కాదు. లోపలి గొట్టం ముందు కిందికి దిగి, తర్వాత ఇంగ్లీషు 'ఎల్' అక్షరంలా పక్కకి మలుపు తిరుగుతుంది. గాలి ఆడదు, చెమ్మ ఆరదు. వెంట్రుక ఊడిన చోట కందితే, మామూలుగా అక్కడ అణిగి ఉండే సూక్ష్మక్రిములు, ఈస్టు విజృంభిస్తాయి. చెవి ఆరోగ్యంగా ఉన్నప్పుడు వెంట్రుకలు పీకక్కర్లేదని ఈ రోజుల్లో చాలామంది పశువైద్యులు చెబుతున్నది అందుకే.

అలాగని అస్సలు పట్టించుకోవద్దని కాదు. పూడుల్, షీజూ, లాసా ఆప్సోలాంటి జాతులకి చెవి గొట్టంలో కూడా వెంట్రుకలు పెరుగుతాయి. అవి గుబిలితో కలిసి ఉండకట్టి దారి మూసేస్తే, లేదా చెవి మాటిమాటికీ చీము పడుతుంటే తీయాల్సిందే. ఆ అవసరం ఉందో లేదో మొదటిసారి డాక్టరుకి చూపించి తెలుసుకోవాలి. లాబ్రడార్‌కి, మన వీధికుక్కలకి సాధారణంగా ఈ బెడదే ఉండదు.

డాక్టరు తీయమన్నప్పుడు ఇంట్లో చేసుకోవచ్చు. కుక్క ఆడి అలసిపోయి పడుకున్న వేళ చూసుకోండి. ఒకరు తల నిమురుతూ పట్టుకుంటే మంచిది. చెవి డొప్ప మీదా అంచుల్లోనూ వేలాడే వెంట్రుకల్ని పీకక్కర్లేదు, మొనతేలని కత్తెరతో కత్తిరిస్తే చాలు. గొట్టం మొదట్లో కంటికి కనబడే వెంట్రుకల్ని మాత్రం రెండు వేళ్ళతో, ఒకసారికి రెండు మూడు చొప్పున తీయాలి. వేళ్ళు జారకుండా కుక్కల చెవులకని అమ్మే పౌడరు చిటికెడు చాలు. ఎక్కువైతే గుబిలితో కలిసి ముద్దకడుతుంది. మనం ముఖానికి రాసుకునే పౌడరు వాడొద్దు. కుక్క గింజుకున్నా, మూలిగినా అక్కడితో ఆపేయండి. మిగిలింది ఇంకోరోజు చూసుకోవచ్చు. కంటికి కనబడని లోతుకి మాత్రం వేలుగానీ ప్లక్కరుగానీ వెళ్ళకూడదు.

మనకి ఇంకో పాత అలవాటుంది. పిల్లలకి చెవిపోటు వస్తే గోరువెచ్చటి నూనె పోయడం, గుబిలికి హెయిర్‌పిన్ను పెట్టడం! ఆ వైద్యం కుక్క మీద అస్సలు వద్దు. నూనె, స్పిరిట్, దూది చుట్టిన పుల్లలు ఏవీ వద్దు. పుల్ల పెడితే గుబిలి ఇంకా లోపలికి పోతుంది. శుభ్రం చేయాలంటే డాక్టరు చెప్పిన ద్రావణం చెవిలో పోసి, చెవి మొదలు దగ్గర బయటినుంచి మెల్లగా మర్దన చేసి వదిలేయాలి. అదే తల విదిలించి పైకి తెస్తుంది. కనబడినంత మేర దూదితో తుడిస్తే సరి. స్నానం చేయించాక, ముఖ్యంగా వానాకాలంలో, చెవులు పొడిగా తుడవడం మరిచిపోవద్దు.

పీకడం కన్నా ముఖ్యం, వారానికోసారి చెవి ఎత్తి చూడడం, వాసన చూడడం. దుర్వాసన, ఎర్రదనం, కాఫీపొడిలాంటి నల్లటి మురికి, ఒకవైపు తల వంచి నడవడం, చెవి ముట్టుకోనివ్వకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆలస్యం చేస్తే కుక్క తల విదిలించీ విదిలించీ చెవి డొప్పలో రక్తనాళం చిట్లి, రక్తం నిండి ఉబ్బిపోతుంది కూడా. మందులు వాడేటప్పుడు తగ్గింది కదా అని మధ్యలో మానేయకండి.

పింకీ చెవి రెండు వారాల్లో నయమైంది. కానీ నా చెయ్యి చెవి దగ్గరికి వస్తే మంచం కిందికి దూరడం మాత్రం నెలల తరబడి మానలేదు. రోజూ ఓ బిస్కెట్టు ముక్క పెట్టి, చెవి ఊరికే నిమిరి వదిలేస్తూ వచ్చాను. ఈ మధ్యే మళ్ళీ నా ఒళ్ళో తల పెట్టి చెవి చూడనిస్తోంది. ఆ చెవిలో ఇప్పుడు కూడా వెంట్రుకలున్నాయి. చూడ్డానికి కాస్త చిందరవందరగానే ఉంటాయి. ఉండనివ్వండి!