మట్టి చదువు పొలానికి చేరేదెప్పుడు?

ఇంటర్ బైపీసీ ఫలితాలు రాగానే మన ఊళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. ముందు ఎంబీబీఎస్, రాకపోతే బీడీఎస్, అదీ కాకపోతే ఏజీ బీఎస్సీ. పొలం అమ్మయినా చదివిస్తామంటారు. చదివాక ఏం చేస్తాడని అడిగితే మాత్రం బ్యాంకు ఉద్యోగమనో, గ్రూప్స్ పరీక్షలనో చెబుతారు. సేద్యం మాట ఎవరూ ఎత్తరు. వాళ్లను నేను తప్పు పట్టను. గిట్టుబాటు లేని పనిలోకి కన్నబిడ్డను ఎవరు దింపుతారు? అయితే ప్రజల సొమ్ముతో నడిచే ఆ చదువు మన పొలాలకు ఎందుకు అందడం లేదో మాత్రం గట్టిగా అడగాలి.

మూడేళ్ల కిందట రావెప్ కోసం ఏజీ చివరి సంవత్సరం పిల్లలు మా ఊళ్లో దిగారు. సాగర్ కాలువ కింద వరి వేసే ఒక కౌలు రైతుతో ఒకమ్మాయిని జతచేశారు. ఆయన ఎకరానికి రెండు బస్తాల డీఏపీ వేసేవాడు. అంతకు ముందు ఏడు నాటిన మూడు నాలుగు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే, దుకాణంవాడు ఇచ్చిన తెగులు మందు రెండుసార్లు కొట్టాడు. మచ్చలు పోలేదు, అప్పు మాత్రం పెరిగింది.

ఆ అమ్మాయి దుక్కికి ముందే చేలోకి దిగింది. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట పోసిన చోట వదిలేసి, పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు తవ్వి మట్టి తీసింది. గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చింది. చూస్తున్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఫలితం చూశాక ఎవరికీ నవ్వు రాలేదు. భాస్వరం అధికం, జింక్ లోపం. డీఏపీ సగానికి తగ్గించమంది. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమని, డీఏపీతో కలిపి మాత్రం వేయొద్దని చెప్పింది. 1350 రూపాయల బస్తా ఒకటి మిగిలింది. ఆ ఏడు మచ్చలు కనపడలేదు.

ఆయన దగ్గర భూసార కార్డు లేకపోలేదు. యజమాని పేరుతో ఉంది. అందులో భాస్వరం మధ్యస్థం అని రాసి ఉంది. 2015లో కేంద్రం ఈ పథకం తెచ్చినప్పుడు పెట్టిన లెక్క ప్రకారం మాగాణిలో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి. అంటే మెట్టలో 25 ఎకరాలకు ఒకే చోటి మట్టి! అందులో ఎన్ని కమతాలుంటాయో, ఒకడు పెంట తోలి ఇంకొకడు యూరియా మీదే బతికే చేలెన్నో మనకు తెలియదా? కార్డులో 12 గళ్లు నిండాయి కానీ అది ఆయన చేను మట్టి కాదు.

ఇది పిల్లలకు తెలియక జరిగే తప్పు కాదు. 1945లో మొదలైన బాపట్ల కళాశాల నుంచి ఎన్ని తరాలు చదువుకుని వచ్చాయో చూడండి. మనం తినే సాంబమసూరి, బీపీటీ 5204, ఆ బాపట్లలో పుట్టిందే. చదువులో లోటు లేదు. చదివినవాళ్లతో ప్రభుత్వాలు చేయించే పనిలోనే ఉంది. ఆంధ్రలో గ్రామ వ్యవసాయ సహాయకుడి రోజంతా ఈ-క్రాప్ ఫొటోలకు, వేలిముద్రలకు, యూరియా క్యూలకు సరిపోతుంది. తెలంగాణలో 5 వేల ఎకరాలకు ఒక ఏఈఓ అన్నారు. 2024లో డిజిటల్ పంట సర్వే మా ఒక్కరి వల్ల కాదని వాళ్లు మొర పెట్టుకుంటే చాలామందిని సస్పెండ్ చేశారు. నాలుగేళ్లు మట్టి గురించి చదివినవాడి చేత ఫోన్‌లో ఫొటోలు తీయించడానికి విశ్వవిద్యాలయం ఎందుకు?

సర్వేలకు వేరే సిబ్బందిని పెట్టాలి. వ్యవసాయ సహాయకులను, ఏఈఓలను ఖరీఫ్ ముందు రెండు నెలలైనా మట్టి నమూనాలకు, ఎరువుల సలహాకే వదిలేయాలి. భూసార పరీక్ష కేంద్రాల్లో ఖాళీలు నింపాలి. సాగుచేసే మనిషి పేరున, ఆ చేను మట్టితోనే కార్డు ఇవ్వాలి. రావెప్ పిల్లలను కాలువ కింద మోతుబరుల ఇళ్లకే కాక కౌలు రైతులకు, మెట్ట ఊళ్లకు కూడా పంపాలి. రైతు కోటా సీటుకు పొలం కాగితం అడుగుతున్నారు, కౌలు కార్డు చూపిన తండ్రి బిడ్డకూ ఆ సీటు దక్కాలి. జిల్లా మహాసభల్లో ఈ తీర్మానం పెడదాం.

ఆ అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. ‘‘బాబాయ్, ఆ చేలో ఇంకా ఒక బస్తానే వేస్తున్నారా?’’ అని అడిగింది. ‘‘అవునమ్మా, నువ్వెక్కడ చేస్తున్నావ్?’’ అన్నాను. ఎరువుల కంపెనీలోనట. నెలకు ఇన్ని టన్నులు అమ్మించాలని టార్గెట్ పెట్టారట.