ఐడియా అమృతానిది... తిప్పలు అంజివి!

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. అప్పట్లో ఆ వేళకి బెజవాడలో ఏ సందులో నడిచినా కిటికీల్లోంచి ఒకటే పాట! పిల్లల హోంవర్కు పక్కకి, అన్నం పళ్లాలు టీవీ ముందుకి. 'అమృతం' మొదలైంది మరి.

2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో వచ్చిందీ సీరియల్. గుణ్ణం గంగరాజు సృష్టి. అత్తాకోడళ్ల పగలూ, గ్లిజరిన్ కన్నీళ్లూ లేకుండా మూడొందల ఎపిసోడ్లు దాటడం చిన్న విషయమేం కాదు.

కథేమిటి అంటే పెద్దగా ఏమీ లేదు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు, 'అమృత విలాస్' అనే హోటలు. ఒకసారి తిన్నవాడు మళ్లీ అటు రాడు. చాకిరీ చేయడానికి సర్వం, అద్దె కోసం పీక్కుతినడానికి ఇంటి ఓనరు అప్పాజీ. అంతే!

మరి నవ్వెక్కడిది? ఓ చిన్న సంగతి గమనించాలి. ఆరేళ్లలో అమృతం ముగ్గురు మారారు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. హీరో మారితే ఏ సీరియలైనా కుదేలవుతుంది. ఇది కాలేదు. ఎందుకంటే ఐడియా చెప్పేవాడు మారాడు కానీ వినేవాడు మారలేదు. ఆ వినేవాడే అంజి... గుండు హనుమంతరావు!

అమృతం కళ్లు మెరుస్తాయి. "ఒరేయ్ అంజీ" అంటాడు. నవ్వు అక్కడే మొదలవుతుంది. ఐడియా ఏమిటో మనకింకా తెలీదు. కానీ అంజి మొహం చూడగానే కొంప మునగబోతోందని తెలిసిపోతుంది. అతనికీ తెలుసు. అయినా స్నేహితుణ్ని ఒంటరిగా మునగనివ్వడు, తనూ దూకుతాడు! జోకులు వేసేవాడు కాదు అంజి. మనిళ్లలో బావమరిది చిట్‌ఫండు ప్లాను చెబుతుంటే నోరెత్తలేక తలూపే మనిషి ఎలా ఉంటాడో, అలా ఉంటాడు.

ఆ మొహం బెజవాడది. హనుమంతరావు పుట్టింది ఇక్కడే, 1956లో. ఇంట్లో మిఠాయి వ్యాపారం. (మిఠాయిలమ్మిన ఇంటి కుర్రాడు బేరాల్లేని హోటలు యజమానిగా పేరు తెచ్చుకోవడం తమాషానే!) 18 ఏళ్లకే నాటకాలెక్కాడు. బెజవాడలోనే చదువుకున్న జంధ్యాల 1987లో 'అహ నా పెళ్లంట!'తో సినిమాల్లోకి తీసుకొచ్చారు. సినిమాల్లో చేసినవి చాలావరకు చిన్న చిన్న వేషాలే. వారం వారం ఇంటికొచ్చే చుట్టంగా మార్చింది మాత్రం అంజి వేషమే.

2018 ఫిబ్రవరి 19న ఆయన కన్నుమూశారు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. హర్షవర్ధన్, అప్పాజీ శివన్నారాయణ, సర్వం వాసు ఇంటూరి మళ్లీ కనిపించారు. అంజిగా ఎల్బీ శ్రీరామ్. నవ్వించడంలో ఆయనకి వంక పెట్టేదేముంది! అయినా ముగ్గురు అమృతాలను ఇట్టే ఒప్పుకున్న జనం కళ్లు పాత అంజి కోసం వెతికాయి.

పాత ఎపిసోడ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయి. సీరియల్ అయిపోయాక పుట్టిన పిల్లలు కూడా పళ్లెం ముందు పెట్టుకుని చూస్తున్నారు. అమృతం నోరు తెరుస్తాడు, అంజి మెల్లగా అతనివైపు తిరుగుతాడు. "ఇదిగో, ఇప్పుడు చూడు ఆ మొహం!" అంటూ పక్కనుంచి నాన్న ముందే నవ్వేస్తాడు.