బయటికి దారి రాసుకున్నాకే డేటాబేస్ కొనాలి

భూముల రిజిస్ట్రేషన్లు, పింఛన్లు, ఆస్తిపన్ను బకాయిలు ఇవాళ ఏదో ఒక డేటాబేస్‌లోనే ఉంటున్నాయి. సాఫ్ట్‌వేర్ పదేళ్లకు పాతబడుతుంది, రికార్డు తరతరాలు నిలవాలి. ఈలోగా కంపెనీలు చేతులు మారుతుంటాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 2008లో సన్ కంపెనీ చేతికి, 2010లో సన్‌తోపాటే ఒరాకిల్ చేతికి వెళ్లింది. అందుకే ప్రజాధనంతో కొనే ప్రతి సాఫ్ట్‌వేర్ ఒప్పందంలోనూ, మరో డేటాబేస్‌కు మారే పద్ధతినీ అందుకయ్యే ఖర్చునూ మొదటిరోజే రాసుకోవాలి.

మార్పు సాధ్యమేనని చెన్నై కంపెనీ జోహో అనుభవమే చెబుతోంది. దాని మేనేజ్‌ఇంజిన్ ఉత్పత్తులు కొన్ని ఒకప్పుడు మైఎస్‌క్యూఎల్‌తో వచ్చేవి, తర్వాత పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్) డేటాబేస్‌కు మారాయి. అయితే సాధ్యం వేరు, సులువు వేరు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఖాళీగా వదిలిన గడికీ, సమాచారమే లేని గడికీ తేడా ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో అవి రెండూ వేరు. ఒరాకిల్ ‘డేట్’లో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ ‘డేట్’లో తేదీ ఒక్కటే ఉంటుంది. చూసుకోకుండా మారిస్తే, ఒకేరోజు వచ్చిన రెండు దరఖాస్తుల్లో ఏది ముందో చెప్పే ఆధారం పోతుంది. తమిళనాడులో ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడ తమిళ అక్షరాలకు 1999 నుంచి ట్యామ్, ట్యాబ్ సంకేత పద్ధతులు నడిచాయి, 2010లో ప్రభుత్వం యూనికోడ్‌ను ప్రమాణంగా తీసుకుంది. పాత పద్ధతిలో దాచిన పేర్లను యూనికోడ్‌లోకి మార్చకుండా తరలిస్తే, అవి ఎవరూ చదవలేని గుర్తులవుతాయి. ఇలాంటివి తెలిసినవాళ్లు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే. వాళ్లు అందుబాటులో ఉండగానే ఈ వివరాలన్నీ రాయించుకోవాలి.

చక్కగా నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకని అడిగేవారి భయం అర్థంలేనిది కాదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు కొత్త వ్యవస్థకు మారింది. డేటా క్షేమంగానే చేరినా కొత్త వ్యవస్థ మొరాయించింది. దాని 52 లక్షల ఖాతాదారుల్లో చాలామంది ఇబ్బంది పడ్డారు. 2022లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. అవి తప్పుపట్టింది కొత్త వ్యవస్థకు మారినందుకు కాదు, ఆ పనిని సరిగా నడపనందుకు, బయటి సంస్థలకు అప్పగించిన పనిలోని ముప్పును అదుపు చేయనందుకు. మారక తప్పని రోజు ఎలాగూ వస్తుంది. అప్పటిదాకా ఆగి హడావిడిగా చేయడం కన్నా, ఏటా కొంత డేటాను వేరే డేటాబేస్‌లోకి మార్చి సరిచూసుకోవడం క్షేమం.

పోస్ట్‌గ్రెస్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారితే మిగిలే లైసెన్సు సొమ్ము తరలింపుకే సరిపోతుందన్నది మరో అభ్యంతరం. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కేంద్రం 2015లోనే ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం తెచ్చింది. కానీ ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన స్వేచ్ఛ వచ్చేయదు. లెక్కల నియమాలన్నీ ఒక డేటాబేస్‌కే చెల్లే ప్రొసీజర్లలో, అంటే దాని లోపలే నడిచే ప్రోగ్రాముల్లో రాసేస్తే, పోస్ట్‌గ్రెస్ నుంచైనా బయటపడటం కష్టమే. కాబట్టి ఇది పొదుపు గురించిన వాదన కాదు, రికార్డు ఎవరి అదుపులో ఉండాలన్న వాదన. పట్టికల పూర్తి వివరణ, ఎవరైనా చదవగల రూపంలో మొత్తం డేటా, ఏటా ఒక తరలింపు పరీక్ష: ఈ మూడూ ఒప్పుకోని కంపెనీకి, అది విదేశీదైనా చెన్నైదైనా, ప్రభుత్వాలు పని అప్పగించకూడదు.