వెళ్లిన తేదీ ఎవరు రాస్తారు?

చలికాలంలో మన చెరువులకు పక్షులు వలస వస్తాయని మీరు పాఠంలో చదివే ఉంటారు. పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తే సూళ్లూరుపేటలో పండుగే జరుపుతారు. మరి వచ్చిన పక్షులు ఏ తేదీన తిరిగి వెళ్లాయి? ఈ ప్రశ్న వేస్తే తరగతిలో ఒక్క చెయ్యీ లేవదు. వచ్చిన పక్షి వెంటనే కళ్లబడుతుంది. వెళ్లిపోయిన పక్షి వారం తర్వాత గాని గుర్తుకు రాదు. వసంతకాలపు తిరుగు ప్రయాణాన్ని మనం బొత్తిగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం.

ఉత్తర సముద్రంలో జర్మనీకి చెందిన హెల్గోలాండ్ అనే చిన్న దీవి ఉంది. సముద్రం దాటే పక్షులు అలసి అక్కడ వాలతాయి. హైన్రిష్ గెట్కే అనే చిత్రకారుడు 19వ శతాబ్దంలో దాదాపు యాభై ఏళ్లు ఆ దీవిలోనే ఉండి, వచ్చేవాటితోపాటు పోయేవాటినీ రాసిపెట్టాడు. 1910లో అక్కడ పక్షి పరిశీలన కేంద్రం ఏర్పడింది. పెద్ద గరాటులాంటి వలలోకి పక్షుల్ని మళ్లించి, కాలికి నంబరు వేసిన తేలికపాటి ఉంగరం తొడిగి వదిలేస్తారు. ఈ ఉంగరాల పద్ధతిని శాస్త్రీయంగా మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? ఒక బడిపంతులు! డెన్మార్క్‌లోని విబోర్గ్ ఊళ్లో మోర్టెన్సెన్ అనే ఆయన 1899లో గోరువంకల కుటుంబానికి చెందిన 165 పక్షులకు అల్యూమినియం ఉంగరాలు వేశాడు. (నేనూ పంతులునే గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.)

మన దేశంలో ఈ పని పెద్ద ఎత్తున సాగడానికి ఒక జబ్బు కారణం. 1957లో, ఇప్పటి కర్ణాటకలోని క్యాసనూరు అడవి దగ్గర కోతులూ మనుషులూ జ్వరంతో చనిపోయారు. పిడుదులు వ్యాపింపజేసే ఆ వైరస్ రష్యాలోని ఒక వైరస్‌ను పోలి ఉంది. వలసపక్షులే పిడుదుల్ని మోసుకొచ్చాయేమో! ఆ అనుమానం తేల్చడానికి 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, సలీం అలీ నాయకత్వాన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఉంగరాలు వేసే పథకం చేపట్టింది.

అయితే ఉంగరం సగం రాసిన ఉత్తరం వంటిది. ఆ పక్షిని రెండోసారి చూసినవాడు మిగతా సగం రాయాలి. మంగోలియాలో మెడకు ఆకుపచ్చ పట్టీ వేసిన చారల తల బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. ఎవరో ఆ పట్టీ మీది అక్షరాలు చదివారు గనుకనే ఆ సంగతి తెలిసింది.

ఉంగరాలు వేయడానికి శిక్షణా, ప్రభుత్వ అనుమతీ కావాలి. ఆ పని మీరు చేయకూడదు. తేదీ రాయడానికి మాత్రం నోటుపుస్తకం చాలు. ఉపగ్రహాలు పక్షుల జాడ చెబుతున్న రోజుల్లో ఇదెందుకని కొందరు అంటారు. ఉపగ్రహం యంత్రం కట్టిన పక్షి సంగతే చెబుతుంది. మీ ఊరి చెరువుగట్టు మీది గుంపు సంగతి దానికి తెలియదు.

గులాబి గోరువంకను ఎంచుకోండి. తల నలుపు, ఒళ్లు గులాబి రంగు; పొరబడే అవకాశం తక్కువ. బూరుగ, మోదుగ పూల మీద గుంపులుగా వాలుతుంది. మధ్య ఆసియాలో గూడు కట్టడానికి ఏప్రిల్ నెలలో వెళ్లిపోతుంది. మార్చి నడిమి నుంచి రోజూ సాయంత్రం ఒకే చోట నిలబడి లెక్కపెట్టండి. ఒక్కటీ కనిపించని రోజున సున్నా రాయండి. వరుసగా పది సున్నాలు పడితేనే దానికి ముందున్న తేదీకి విలువ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బడుల తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

మా బడి పుస్తకం నిరుడు ఏప్రిల్ 12న, 40 పక్షుల దగ్గర ఆగిపోయింది. ఆగింది పక్షులు వెళ్లిపోయినందువల్ల కాదు. రాసే పిల్లలు పరీక్షల్లో పడినందువల్ల. ఈసారి ఆ పని ఎనిమిదో తరగతివాళ్లకు అప్పగించాను.