చౌబే పాలనకు మార్కులెన్ని? గోల్స్ లెక్క పక్కన పెట్టి చూద్దాం

2025 నవంబర్ 18న ఢాకాలో భారత ఫుట్‌బాల్ జట్టు 0-1తో బంగ్లాదేశ్ చేతిలో ఓడింది. బంగ్లా చేతిలో ఓడటం 22 ఏళ్ల తర్వాత ఇదే. ఆ వెంటనే వచ్చిన ఫిఫా ర్యాంకింగ్స్‌లో మన జట్టు 142వ స్థానానికి జారిపోయింది. 2023 జూలైలో ఇదే జట్టు 99వ ర్యాంకులో ఉంది. రెండున్నరేళ్లు కూడా తిరక్కుండానే 43 స్థానాలు కిందికి పోయింది.

దాంతో అభిమానుల కోపమంతా ఒక్క మనిషి మీదికి మళ్లింది. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ (ఏఐఎఫ్ఎఫ్) అధ్యక్షుడు కళ్యాణ్ చౌబే దిగిపోవాలన్న మాట కోల్‌కతా నుంచి కేరళ దాకా వినిపించింది. మరి మైదానంలో బంతి తన్నని మనిషిని ఓటమికి బాధ్యుడిని చేయడం న్యాయమేనా? అసలు ఒక ఫెడరేషన్ అధ్యక్షుడిని దేనితో కొలవాలి?

33-1తో వచ్చిన అధికారం

చౌబే కుర్చీ ఎక్కిన పరిస్థితి మామూలుది కాదు. ఎన్నికలు జరపకుండా ఏళ్లు నెట్టుకొచ్చిన ప్రఫుల్ పటేల్ కార్యవర్గాన్ని 2022 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టి, పాలకుల కమిటీని వేసింది. మాజీ చీఫ్ ఎలక్షన్ కమిషనర్ ఎస్.వై. ఖురేషీ అందులో ఒక సభ్యుడు. బయటివాళ్ల జోక్యం ఉందంటూ ఆ ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. పది రోజులకు పైగా గడిచాకే అది తొలగింది.

సెప్టెంబర్ 2న ఎన్నికలు జరిగాయి. ఒకవైపు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్‌లకు గోల్‌కీపర్‌గా ఆడి, తర్వాత బీజేపీలో చేరిన చౌబే. మరోవైపు భారత మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియా. ఆయన పేరును ప్రతిపాదించింది ఆంధ్రప్రదేశ్ సంఘం. ఫలితం 33-1. ఓట్లన్నీ రాష్ట్ర సంఘాలవే. ఫెడరేషన్ 85 ఏళ్ల చరిత్రలో ఒక ఆటగాడు అధ్యక్షుడు కావడం అదే తొలిసారి.

అంత మెజారిటీతో వచ్చిన మనిషికి 'నా మాట ఎవరూ వినలేదు' అని చెప్పుకునే వీల్లేదు. అందుకే ఆయనను కొలవాల్సింది గోల్స్‌తో కాదు, ఆయన చేతిలో ఉన్న పనులతో. అవి ముఖ్యంగా రెండు. ఒకటి, దేశంలో ఆట ఆగకుండా చూడటం. రెండు, మంచి కోచ్‌ను ఎంచుకుని నిలబెట్టుకోవడం.

తేదీ తెలిసీ తయారీ లేదు

మొదటి పరీక్ష ఐఎస్ఎల్. 2010లో ఫెడరేషన్ తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు ఐఎంజీ-రిలయన్స్ చేతికి ఇచ్చింది. దాని కింద ఏటా దాదాపు 50 కోట్ల రూపాయలు వచ్చేవి. ఫెడరేషన్ బండి నడిచిందే ఎక్కువగా ఆ డబ్బుతో. ఆ ఒప్పందం 2025 డిసెంబర్ 8న ముగుస్తుందని సంతకం పెట్టిన రోజే అందరికీ తెలుసు.

చిన్న కిరాణా కొట్టు నడిపేవాడైనా షాపు లీజు ఏడాదిలో అయిపోతుందంటే ముందుగానే ఓనర్‌తో మాట్లాడుకుంటాడు, కుదరకపోతే ఇంకో చోటు చూసుకుంటాడు. దేశ ఫుట్‌బాల్ విషయంలో అది జరగలేదు. 2025 జూలైలో సీజన్ నిలిచిపోయింది. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు ఆపేశాయి. కొత్త టెండర్‌లో ఏటా కనీసం 37.5 కోట్లు గ్యారంటీగా కట్టాలన్నారు. లీగ్ నడిపే ఖర్చు వేరు. నవంబర్ 7న గడువు ముగిసేసరికి ఒక్క బిడ్ కూడా రాలేదు.

చౌబే వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఫెడరేషన్ కొత్త నియమావళిపై తీర్పు వచ్చేదాకా ఒప్పందం మీద నిర్ణయం తీసుకోవద్దని సుప్రీంకోర్టే 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ మేరకు చేతులు కట్టేసినట్టయిన మాట నిజం. కానీ ఆయన పదవిలోకి వచ్చింది 2022 సెప్టెంబర్‌లో. అప్పటికీ ఈ ఏప్రిల్‌కీ మధ్య రెండున్నరేళ్లున్నాయి. ఆ రెండున్నరేళ్ల ఖాళీకి కోర్టును చూపిస్తే కుదరదు.

చివరికి 2026 జనవరి మొదట్లో సునీల్ ఛెత్రీ సహా ఆటగాళ్లే వీడియోలో ఫిఫాకు మొర పెట్టుకోవాల్సి వచ్చింది. కొద్ది రోజులకు క్రీడా మంత్రి మన్సుఖ్ మాండవియా రంగంలోకి దిగితే గానీ తేదీ ఖరారు కాలేదు. ఫిబ్రవరి 14న మొదలుపెట్టాలని నిర్ణయించిన సీజన్ కూడా పూర్తి సైజుది కాదు. 14 జట్లు, 91 మ్యాచ్‌లు, ఒక్కో జట్టుతో ఒక్కసారే ఆట. ఫెడరేషన్ చేయాల్సిన పనిని మంత్రి చేశారంటే అధ్యక్షుడికి అది పాస్ మార్కు ఎలా అవుతుంది?

ముగ్గురు కోచ్‌లు

రెండో పరీక్ష కోచ్ ఎంపిక. 2023లో ఇగోర్ స్టిమాచ్ కాంట్రాక్టును 2026 దాకా పొడిగించారు. 2024 ఆసియా కప్‌లో మనవాళ్లు మూడు మ్యాచ్‌లూ ఓడారు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఆ జూన్‌లోనే స్టిమాచ్‌ను తీసేశారు. పరిహారంగా నాలుగు లక్షల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. మన లెక్కలో మూడు కోట్ల రూపాయలకు పైనే.

తర్వాత వచ్చిన మనోలో మార్క్వెజ్ హైదరాబాదీలకు బాగా తెలిసిన మనిషి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్ తెచ్చిపెట్టింది ఆయనే. అయితే మొదటి సీజన్‌లో ఆయన ఎఫ్‌సీ గోవా కోచ్‌గా కూడా కొనసాగుతారని ఫెడరేషన్ ఒప్పుకుంది. జాతీయ జట్టు పార్ట్‌టైమ్ పని అయిపోయింది. 2024 సెప్టెంబర్‌లో మన గచ్చిబౌలిలోనే మారిషస్‌తో 0-0 డ్రా, సిరియా చేతిలో 0-3 ఓటమి. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు. రిటైరైన 40 ఏళ్ల ఛెత్రీని మళ్లీ పిలిపించుకున్నదీ ఈ కాలంలోనే.

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌కు పగ్గాలిచ్చారు. 13 ఏళ్ల తర్వాత ఒక భారతీయుడిని నమ్మడం మంచి నిర్ణయమే. కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం కూడా వచ్చింది. కానీ లీగ్ లేదు, ఆటగాళ్లకు మ్యాచ్ ప్రాక్టీస్ లేదు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2 ఓటమితో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి

అన్నీ తప్పులే అనడం కూడా అన్యాయమే. మహిళల జట్టు 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి ఆసియా కప్‌కు వెళ్లడం చరిత్రలో ఇదే మొదటిసారి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఈ తరం జాతీయ జట్టు క్రీడాకారిణే. అండర్-17 అబ్బాయిలు అహ్మదాబాద్‌లో ఇరాన్‌నే ఓడించారు. కింది నుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్లు పెద్దయ్యాక ఆడటానికి లీగ్ ఉంటుందా అన్నదే భయం.

రహీం సాబ్ ఊరికి ఏం మిగిలింది?

ఈ భయం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన ఊరివారు. 2024 ఈద్‌కు వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఆయన కోచ్‌గా తెలుసు. ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా అన్నది చాలామందికి తెలియదు. 1943 నుంచి చనిపోయేదాకా ఆ బాధ్యత మోశారు. డబ్బు లేని రోజుల్లోనే డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఒక టోర్నీ, బలం లేని కాలితోనే ఆడాలన్న షరతుతో ఇంకో టోర్నీ పెట్టించారు. బస్తీ కుర్రాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక మ్యాచ్ ఉండేలా చూశారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే వెనక ఆ పని ఉంది.

అదే ఊరి క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల బకాయిలు, ట్రాన్స్‌ఫర్ నిషేధాలతో నలిగి, 2025లో ఢిల్లీకి వెళ్లి పేరే మార్చుకుంది. దీనికి మొదటి బాధ్యత యజమానులదే. కానీ లైసెన్స్ ఇచ్చే ముందు క్లబ్ ఖాతా పుస్తకాలు చూడాల్సింది ఫెడరేషన్.

ఇక లెక్క సెప్టెంబర్‌లో

ప్రస్తుత కార్యవర్గం గడువు 2026 సెప్టెంబర్‌తో ముగుస్తుంది. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు తయారుచేసిన కొత్త నియమావళిని జస్టిస్ పి.ఎస్. నరసింహ ధర్మాసనం 2025 సెప్టెంబర్ 19న ఆమోదించింది. ఇద్దరూ తెలుగువారే. దాని ప్రకారం ఇకపై మాజీ ఆటగాళ్లకు కూడా ఓటుంటుంది, కార్యవర్గంలో చోటుంటుంది.

2023 జనవరిలో చౌబే 'విజన్ 2047' విడుదల చేశారు. 2047 నాటికి ఆసియాలో మొదటి నాలుగు జట్లలో ఒకటి కావాలన్నది అందులోని కల. కల పెద్దదే, తప్పు లేదు. కానీ మరుసటి సీజన్ తేదీ చెప్పలేని ఫెడరేషన్ 2047 గురించి చెబితే నమ్మేదెవరు? జట్టు ఓడినందుకు చౌబేను తప్పు పట్టకపోయినా ఫరవాలేదు. ఆట ఆగినందుకు మాత్రం ఆయన జవాబు చెప్పాలి. ఆ రోజు 33 ఓట్లు వేసిన రాష్ట్ర సంఘాలు కూడా చెప్పాలి. సెప్టెంబర్‌లో ఎవరు నిలబడినా ఓటేసేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: వచ్చే సీజన్ ఏ రోజు మొదలవుతుంది, దానికి డబ్బు ఎక్కడిది?